ఆరో నంబరు గది బెంచీ

ఈ రోజు 2016 ఫిబ్రవరి పది, బుధవారం. పొద్దున్న ఏడున్నరకి అటెండరు జోగయ్య గారు, నేను ఆరో నంబరు గది తాళం తీద్దామని వెళ్లేసరికి, గది ముందు బెంచీ మీద అప్పటికే ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఒక జనపనార దారపు ఉండ. రెండేళ్ల కిందట ఈ కాలేజీ వదిలేసి వెళ్లిపోయిన అప్పలసూరి. నెల్లిమర్ల నుంచి మొదటి బస్సుకే వచ్చేశాడట. వాడెందుకు వచ్చాడో చివర్లో చెబుతాను. ఆ మాట చెప్పడానికి నాకు కొంచెం ధైర్యం కావాలి. మాట్లాడుతూ ఉంటే అదే వస్తుంది.

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, మేడమ్ భర్త గణపతిరావు గారికి, వారి అమ్మాయి భారతి అక్కకి, నా తోటి విద్యార్థులకి, మా ఊరి నుంచి ఆటో కట్టించుకుని వచ్చిన అమ్మలందరికీ నమస్కారం. నా పేరు ధనలక్ష్మి. బి.ఏ. మూడో సంవత్సరం. మాది భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డున ఒక ఊరు.

మనం ఎందుకు చేరామో అందరికీ తెలుసు. పంతొమ్మిదేళ్లు ఈ కాలేజీ ఆరో నంబరు గదిలో స్కాలర్‌షిప్పుల పని చూసిన పద్మకుమారి మేడమ్ ఇక లేరు. మొన్న శనివారం సాయంత్రం ఎప్పటిలాగే చీపురుపల్లి రైలెక్కారు. ఇల్లు చేరలేదు. రైల్లోనే గుండె ఆగిపోయింది. ఆవిడే గనక ఈ హాల్లో ఉంటే ముందుగా ఏమనేవారో నాకు తెలుసు. అదుగో, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ వాళ్లని చూసి, "జోగయ్యా, ఆ పిల్లలకి కుర్సీలేవీ?" అనేవారు.

మిత్రులారా, ఆ కుర్చీ సంగతితోనే మొదలుపెడతాను.

మూడేళ్ల కిందట మా అమ్మ జగ్గమ్మ, నేను మొదటిసారి ఆరో నంబరు గదికి వచ్చాం. మా నాన్న అప్పటికి గుజరాత్ బోట్ల మీద వేటకి వెళ్లి ఐదు నెలలైంది. మాకు ఆఫీసులంటే ఏమిటి తెలుసు? చెప్పులు బయట విడవాలి, చేతులు కట్టుకోవాలి, నిలబడాలి, పిలిచినప్పుడు పలకాలి. అంతే తెలుసు. మా అమ్మ అలాగే చెప్పులు విడిచి నిలబడింది. మేడమ్ తల ఎత్తి చూశారు. "అమ్మా, సెప్పులేసుకుని రా. కూకో. నిలబడి అడుక్కోడానికి ఇదేమీ సత్రం కాదు" అన్నారు.

కూర్చోవడానికి గుమ్మం పక్కన నిజంగానే బెంచీ ఉంది. ఆ బెంచీ ఎలా వచ్చిందో జోగయ్య గారు నాకు తర్వాత చెప్పారు. ల్యాబు వెనక విరిగి పడి ఉన్నదాన్ని మేడమ్ బయటికి లాగించి, వడ్రంగి సూరయ్య గారి చేత కాళ్లు వేయించారు. అప్పట్లో ఉన్న ఒక పై అధికారి, ఆఫీసు గుమ్మంలో స్టూడెంట్లు కూర్చోవడమేమిటని గట్టిగా అడిగారట. మేడమ్ అన్నారట కదా: "సార్, గవర్నమెంటు డబ్బు ఇచ్చింది ఈళ్లకి. మనకి జీతం ఇచ్చింది ఈళ్ల కాయితాలు సూడ్డానికి. మరి ఎవులు నిలబడాలంటారు?" ఆ పై అధికారి బదిలీ అయి వెళ్లిపోయారు. బెంచీ ఉంది.

ఆ రోజే నేను నా జీవితంలో మొదటి అర్జీ రాశాను. పదో తరగతిలో తెలుగులో నాకు మంచి మార్కులు వచ్చాయి. ఆ పొగరుతో పెద్ద పెద్ద మాటలు వేశాను. "తమరి దయాదాక్షిణ్యాలకై వేయి కళ్లతో ఎదురు చూసే దీనురాలు" అని ముగించాను. మేడమ్ చదివారు. పెన్ను తీసి ఆ వాక్యం మొత్తం కొట్టేశారు. దాని కింద నా చేతే ఒకే మాట రాయించారు. "అర్హురాలిని."

అర్హురాలిని. ఎంత చిన్న మాట! నేను ఎన్నో అందమైన మాటలు చదివాను, రాసుకున్నాను, నోట్‌బుక్కుల వెనక పేజీలు నింపాను. కానీ ఏ మాటా నా వెన్ను నిటారుగా చేయలేదు. ఈ మాట చేసింది. దయ చూపించమని అడిగే వాళ్లు నిలబడతారు. అర్హులు కూర్చుంటారు. మేడమ్ మాకు నేర్పిన వ్యాకరణం అదే.

ఇక రెండో సంగతి. ఇది విని మీరు నవ్వుకోవచ్చు. మేడమ్ కూడా తర్వాత నవ్వారు.

పోయిన ఏడాది స్కాలర్‌షిప్పుకి వేలిముద్ర వేయాలన్నారు. మా ఊరి నుంచి ఇక్కడ చదివే ఆడపిల్లలం ఆరుగురం. ఆరుగురివీ యంత్రం తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటుంది? సెలవు రోజుల్లో, కాలేజీ నుంచి వచ్చాక సాయంత్రాల్లో మేము రొయ్యలు ఒలుస్తాం. ఐసులో, ఉప్పు నీళ్లలో నానిన వేళ్లు. రొయ్య ముల్లు గీరిన వేళ్లు. బొటనవేలు నున్నగా, అరిగిపోయిన పాత రూపాయి బిళ్లలా ఉంటుంది.

మేము ఆలోచించాం. చదువుకున్న పిల్లలం కదా! మా ఊళ్లో రొయ్య ముల్లుకి వేళ్లు పుండ్లు పడితే గోరింటాకు రుబ్బి ముద్ద పెడతారు. చర్మం గట్టిపడుతుందని. సరే, చర్మం గట్టిపడితే గీతలు కూడా తేలతాయి కదా అనుకుని, ఆరుగురం పది వేళ్లకీ గోరింటాకు దట్టించి పడుకున్నాం. మర్నాడు ఎర్రటి చేతులతో వేలిముద్రల కేంద్రానికి వెళ్లాం. అంతకు ముందు రోజు సగం సగం కనిపించిన గీతలు కూడా పోయాయి. అక్కడి కుర్రాడు, "ఏటమ్మా, స్కాలర్‌షిప్పుకొచ్చారా, పెళ్లికొచ్చారా?" అన్నాడు. వరసలో ఉన్న వాళ్లంతా నవ్వారు. ఆరుగురం ఏడ్చుకుంటూ ఆరో నంబరు గదికి వచ్చి బెంచీ మీద పడ్డాం.

మేడమ్ ఒక్కటే ప్రశ్న అడిగారు. "పని ఆపితే ఎన్నాళ్లకి సర్మం వస్తాది?" నాలుగైదు రోజులన్నాం. ఆ శనివారం బస్సు దిగి, మా ఊళ్లో రొయ్యల షెడ్డు దగ్గరికి నడుచుకుంటూ వచ్చారు. ఈ పిల్లల్ని నాలుగు రోజులు పనికి పంపవద్దని చెప్పారు. మా అమ్మ ఊరుకుంటుందా? ఇదిగో, ముందు వరసలోనే ఉంది, కాదంటే ఇప్పుడే లేచి అంటుంది. "నాలుగు రోజులు ఆడపిల్లల్ని ఇంటికాడ కూకోబెడితే రొయ్యలొచ్చి వాటికవే ఒలుసుకుంటాయేటి మేడంగోరూ?" అంది.

మేడమ్ కోప్పడలేదు. ఉపన్యాసం ఇవ్వలేదు. చీర కుచ్చెళ్లు దోపుకుని గంప ముందు కూర్చున్నారు. "మరైతే నాకు నేర్పు" అన్నారు. శనివారం ఒలిచారు. ఆదివారం మళ్లీ వచ్చి ఒలిచారు. ఎలా ఒలిచారంటే, మా అమ్మ మాటల్లోనే చెప్పాలి: "మేడంగోరూ, తమరు ఒలిసిన రొయ్యకి తలకాయి ఉన్నాది, తోక ఉన్నాది, మజ్జిన మాంసమే లేదు. తమరు కాయితాలు సూసుకోండి, మావు మా పని సూసుకుంటాం." షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వులోనే పెద్దావిడ లక్ష్మణమ్మ మామ్మ, "ఆ ఆరుగురి గంపలూ మన గంపల్లో సర్దేయండే" అంది. అలా మా వాటా రొయ్యలు ఆ నాలుగు రోజులూ ఊరి ఆడవాళ్లు ఒలిచారు. ఐదో రోజున ఆరుగురి వేలిముద్రలూ పడ్డాయి.

కానీ అసలు సంగతి సోమవారం జరిగింది. ఇక్కడ ఉద్యోగుల హాజరు యంత్రం మేడమ్ బొటనవేలిని తీసుకోలేదు. వాచిపోయి, గీరుకుపోయి ఉంది. మూడు రోజులు తీసుకోలేదు. మూడు రోజులు ఆవిడ పనిలో ఉండి కూడా రాని లెక్కలో పడ్డారు. సంజాయిషీ అడిగారు. మేడమ్ ఏమి రాశారో తెలుసా? "రొయ్యలు ఒలిచినందున" అని రాశారు. అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు.

మిత్రులారా, మేడమ్ తప్పు చేయని మనిషి అని నేను చెప్పను. చెబితే ఆవిడే ఒప్పుకోరు. రెండేళ్ల కిందటి సంగతి ఇది. అప్పలసూరి అప్పుడు రెండో సంవత్సరం. వాడి ఫైల్లో వాడి ఆదాయ ధ్రువీకరణ పత్రం బదులు ఇంకొక అబ్బాయిది చేరింది. పిన్ను కొట్టింది మేడమే. ఫైలు తిరిగి వచ్చేసరికి గడువు దాటిపోయింది. ఫీజు రాలేదు. వాళ్ల నాన్న జనపనార మిల్లు పని అప్పటికే పోయింది. అప్పలసూరి చదువు మానేసి లారీలకి లోడెత్తే పనిలో చేరాడు.

మేడమ్ ప్రిన్సిపాల్ గారికి కాగితం మీద రాసి ఇచ్చారు, తప్పు నాది అని. ఆ ఫైలుని బీరువాలో దాచలేదు. బల్ల మీద, తన కళ్లెదురుగా పెట్టుకున్నారు. ఇవాళ్టికీ అక్కడే ఉంది.

ఆ రోజు నుంచి ఆరో నంబరు గదిలో పద్ధతి మారింది. ఎవరి ఫైలు వాళ్లు నేరుగా మేడమ్‌కి ఇవ్వకూడదు. బెంచీ మీద పక్కన కూర్చున్న వాళ్ల చేతికి ఇవ్వాలి. వాళ్లు ప్రతి కాగితమూ గట్టిగా చదవాలి. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఆదాయం. నీది కానిది వినబడితే నువ్వు ఆపాలి. మొదట్లో మాకు ఎంత సిగ్గో! మా ఇంటి ఆదాయం పదిమందిలో వినబడడం ఎవరికి ఇష్టం? నా కాగితాలు చదివింది గౌరి. చీపురుపల్లి వైపు రైతుల పిల్ల. మా ఆదాయం చదివి, ఆగి, "ఒలమ్మో, మీకే నయమే! మా నాన్నది ఇంతకంటే తక్కువ" అంది. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత సిగ్గు లేదు. ఇంకే ఫైలూ తప్పుగా పోలేదు. ఈ రెండేళ్లలో ఒక్కటీ పోలేదు.

ఇప్పుడు మన ముందున్న సంగతి చెబుతాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

నలభై మూడు ఫైళ్లు మిగిలి ఉన్నాయి. అందులో నాదొకటి. ఎల్లుండి శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపు అవి జిల్లా ఆఫీసుకి చేరాలి. చేరకపోతే ఈ ఏడాది ఫీజు రాదు. ఫీజు రాకపోతే వచ్చే నెల పరీక్షలకి హాల్ టికెట్లు రావు. కొత్త గుమస్తా రావడానికి పది రోజులు పడుతుందట. ఆ నలభై మూడింటిలో తొమ్మిది ఫైళ్లు శనివారం మేడమ్ భుజం సంచిలోనే ఉన్నాయి. ఇంట్లో చూసుకుందామని పట్టుకెళ్లారు. అంత దుఃఖంలోనూ సోమవారం పొద్దున్నే వాటిని ఒక్క మడత పడకుండా తెచ్చి ఇచ్చారు గణపతిరావు గారు. బాబాయ్ గారూ, మేము మీకేమి చెప్పగలం? ఆ తొమ్మిదీ పోనివ్వం. ఆ మాట ఒక్కటి చెప్పగలం.

పదిరోజులు ఆగుదామా? ఎవరో వచ్చి చేస్తారని చూద్దామా? మనకి పని తెలియదా? రెండేళ్లు ఆ బెంచీ మీద కూర్చుని ఒకరి కాగితాలు ఒకరం చదివిన వాళ్లం. ఏ కాగితం మీద ఏది ఉండాలో మనకి తెలుసు. సంతకాలు పెట్టాల్సింది ప్రిన్సిపాల్ గారు. రేపంతా గదిలోనే కూర్చుంటానని వారు మాట ఇచ్చారు. మిగిలిన పని మనది.

ఇక అప్పలసూరి. ఒరే సూరీ, తల దించుకోకు. పొద్దున్న నువ్వు నాతో అన్న మాట చెప్పేస్తున్నాను. "రెండుసార్లు మేడంగోరు మా ఇంటికొచ్చింది. రెండుసార్లూ నాను పెరటి గోడ దూకి పారిపోనాను. కోపం తోటి కాదే ధనం, లోడు మోసే బట్టల్లో ఆవిడకి అవుపడలేక. నాకు కోపం లేదని ఆవిడకి సెప్పాలనుకుంటానే రెండేళ్లు గడిసిపోనాయి. ఇప్పుడు ఎవులికి సెప్పాల?"

ఎవరికి చెప్పాలి? వాణ్ని గదిలోకి తీసుకెళ్లి బల్ల మీద ఉన్న వాడి ఫైలు చూపించాను. ముట్టుకున్నాడు. తర్వాత, "ఫైళ్లు కట్టడానికి దారం తెచ్చాను. రేపు పని మానేసి వస్తాను" అన్నాడు. జూన్‌లో మళ్లీ చేరడానికి అర్జీ కూడా రేపే రాస్తాడు. నేను దగ్గరుండి రాయిస్తాను. చివర్లో ఏ మాట రాయాలో నాకు తెలుసు.

పెద్దలారా, మిత్రులారా. పంతొమ్మిదేళ్లు ఆవిడ మనలో ఎవరినీ తన ముందు నిలబడనివ్వలేదు. ఈ రోజు ఒక్కసారి ఆవిడ మాట దాటుదాం. ఆవిడ కోసం అందరం లేచి రెండు నిమిషాలు నిలబడదాం. అమ్మా, మోకాళ్లు నొప్పి ఉన్న పెద్దవాళ్లు కూర్చునే ఉండండి. ఆవిడకి అదే ఇష్టం.

రెండు నిమిషాలు. మాట వద్దు.

తర్వాత ఇళ్లకి వెళ్లి కాగితాలన్నీ సర్దుకోండి. రేపు పొద్దున్న ఏడున్నరకి జోగయ్య గారు తలుపు తీస్తారు. నలభై మూడు మందిమీ వచ్చి ఆ బెంచీ మీద, చోటు చాలకపోతే నేల మీద, కూర్చుని గట్టిగా చదవడం మొదలుపెడదాం.