హాజ్జా ఇన్షిరాహ్ ఒంటిమీది దద్దుర్లు

హజ్ చేసొచ్చిన మన హాజ్జా ఇన్షిరాహ్‌ను చంపింది ఆమె తిన్న తిండి కాదు. మన డయాలసిస్ సెంటర్ డాక్టర్ బహ్‌గత్ తొందర. ఈ మాట ముందు చెప్పుకుని, ఆ తర్వాతే ఏడుద్దాం.

అమ్మలారా, అన్నలారా, వారానికి మూడుసార్లు నాతోపాటు డయాలసిస్ యంత్రాలకు కట్టుబడి కూర్చునే తోటివాళ్లారా! ఎంతమంది వచ్చారు! సంతాప గుడారం చాలక వీధిలోనూ కుర్చీలు వేశారు. నిజం చెప్పనా? నాకు కుళ్లుగా ఉంది. నేను పోతే ఇందులో సగంమందైనా వస్తారా? మా అమ్మ నాకు చెప్పని దిగుళ్లన్నీ ఈవిడకే చెప్పుకునేది. వార్డులో కిటికీ పక్క కుర్చీ ఈవిడదే. ఒకసారి నాకిమ్మన్నాను. "తీసుకో నాయనా, కానీ ఆ ఎండకు నల్లబడితే నీకు పిల్లనెవరిస్తారు?" అంది. వార్డంతా నవ్వింది. కుర్చీ ఆవిడకే మిగిలింది.

వసంత పండుగ గుర్తుందా? మనకు ఉప్పు విషం. అయినా ఆ రోజు ఫసీఖ్, ఆ ఊరవేసిన ఉప్పుచేప, ఒక్క ముక్కయినా నోట్లో పెట్టుకోకుండా ఉండగలమా? సరిగ్గా ఆ వారమే యంత్రాల్లో రక్తం వడగట్టే ఫిల్టర్లు మారాయి. యంత్రం తగిలించిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, దురద, ఆయాసం. "ఏం తిన్నారు?" అన్నాడు డాక్టర్. అంతే, తలలు దించుకున్నాం. దొంగచాటుగా తిన్న చేప ఒంటిమీద పొక్కిందనుకున్నాం. ఎవరి చొక్కా చేతులు వాళ్లు కిందికి లాక్కున్నాం.

నేను ఆ ఫిల్టర్ల గురించి చదివాను, కరపత్రం రాశాను. కొత్త ఫిల్టర్‌ను క్రిములు లేకుండా శుద్ధి చేయడానికి వాడిన వాయువు లోపల మిగిలిపోతుందని, సెలైన్‌తో బాగా కడగాలని, రోజులో మరో షిఫ్టు రోగుల్ని ఇరికించడానికి ఆ కడిగే సమయాన్నే కోసేస్తున్నారని. నాలుగు పేజీలు! మీరేం చేశారు? అందులో గింజలు పొట్లం కట్టుకున్నారు.

ఆవిడేం చేసింది? చేతికి సూది ఉండగానే గొంతెత్తింది. "నేను తిన్నాను! ఉల్లిపాయ నంజుకుని మరీ తిన్నాను! ఇంకెవరు తిన్నారు?" ఒక్కో చెయ్యీ లేచింది. "మరి తిననివాళ్లు?" తవాద్రోస్ బాబాయ్ ఒక్కడే ఎత్తాడు. వాళ్లావిడ చేపను బీరువాలో పెట్టి తాళం వేసిందట. ఎత్తిన ఆ చెయ్యి భుజందాకా దద్దుర్లే! "అయితే చేప తప్పేం లేదు. డాక్టర్‌ను పిలవండి!" అంది.

నా నాలుగు పేజీలు కదిలించలేని వార్డును ఒక్క ఉప్పుచేపతో లేపింది. ఈర్ష్య పడకుండా ఎలా ఉంటాను? ఇప్పటికీ పడుతున్నాను.

డాక్టర్ వచ్చి, దురద అలవాటు చేసుకోవాలి హాజ్జా అన్నాడు. "ముందు నా కుర్చీలో నువ్వు కూర్చో బాబూ. నీకు అలవాటయ్యాక నేను కూర్చుంటా" అంది. ఆ పూట నుంచి ఫిల్టర్లు సరిగ్గా కడిగారు. దద్దుర్లు తగ్గాయి. మనం మరిచిపోయాం. ఆవిడ మాత్రం ఫిల్టర్ బాగా కడిగారా అని ప్రతిసారీ అడుగుతూనే ఉంది.

మొన్న మంగళవారం ఆవిడ ఫిల్టర్‌కు సెలైన్ సగంలో ఆపేశారు. "ఇంకా కానివ్వండమ్మా" అంది. పక్క కుర్చీ నుంచి నేనూ అరిచాను. తర్వాతి షిఫ్టుకు ఆలస్యమవుతోందని డాక్టర్ తొందరపెడుతున్నాడన్నారు నర్సులు. గొంతు వాచింది. ఊపిరి అందలేదు. గుండె ఆగి పోయిందని చెప్పారు. చచ్చిపోయాక ఎవరి గుండె ఆగదు?

రేపు అదే వార్డులో నేను కూర్చోవాలి. మీలో చాలామంది కూర్చోవాలి. మానేస్తే చస్తాం; అది వాళ్లకు తెలుసు. అందుకే వెళదాం, కానీ ఒంటరిగా వద్దు. ప్రతి కుర్చీ పక్కన ఇంటినుంచి ఒక మనిషి నిలబడాలి. కళ్లముందు ఫిల్టర్ పూర్తిగా కడిగాకే సూది గుచ్చనివ్వాలి.

ఇప్పుడు లేవండి. కర్రలున్నవాళ్లు కర్ర ఊతంతో, లేవలేనివాళ్లు ఉన్నచోటే తల వంచి. ఆవిడ కోసం కాసేపు మాటలాపుదాం. అయ్యాక నా దగ్గరికొచ్చి బాగా మాట్లాడావని ఎవరూ అనొద్దు. రేపు ఉదయం ఆరింటికి, మొదటి షిఫ్టుకు తలుపు తీయకముందే, సెంటర్ గుమ్మం దగ్గరికి రండి.