ప్రపంచంల ఎక్కడా

నాందేడ్‌లో గురుద్వారా వెనక గల్లీ. హార్మోనియం పెట్టెలు బాగుచేసే చిన్న దుకాణం. అన్నాల వేళ కాబట్టి షట్టరు సగం దించి ఉంది. మనోజ్ పక్కన విప్పిన పెట్టె, అతని భార్య కోమల్ ముందు విప్పిన టిఫిను. కోమల్ మరాఠీ ఇంటి పిల్ల, మొగుణ్ని ‘అహో’ అని పిలుస్తుంది. చెప్పాల్సిన మాట ఏదైనా గొంతులో ఉంటే మనోజ్‌కి ఆకలి ఎక్కువవుతుంది. ఇవాళ అప్పుడే రెండు రొట్టెలు అయిపోయాయి.

“అంటె ఆ సేఠ్ ఇక్కడికన్న తక్కువనే ఇస్తడన్నమాట.”

“తక్కువని ఎవరన్నరు?”

“మీరే అన్నరు. గది కిరాయి వాళ్లు కట్టరు, తిండి వాళ్లు పెట్టరు, అన్నరా లేదా? అన్ని పోను మిగిలేది, మా రోషన్ బ్యాండుపార్టీల బాజా ఊది తెచ్చినంత. దానికోసం నైరోబీ దాంక పోవాలెనా అహో?”

“మీ తమ్ముని సంగతి ఇప్పుడెందుకు? ఇంకో రొట్టె ఉందా?”

“ఉంది. రొట్టె అడుగుతున్నరంటె మాట దాస్తున్నరని నాకెరుక.”

“ఆకలైతె అడుగుతరు. దాచనీకి అడుగుతరా?”

“మీరు అడుగుతరు. మనకు ఖాయం చేసుకునేనాడు మా మామ ‘దుకాణం సొంతమా, కిరాయిదా’ అంటె, ఇంకో జిలేబీ అడిగిన్రు.”

“కిరాయిదని చెప్పిన గద.”

“పెండ్లయినంక చెప్పిన్రు.”

“కొంచెం మిరపకాయల ఠేచా ఎయ్యి.”

“ఏస్త. ముందు చెప్పుండ్రి. సముద్రం అవతల ఉన్న సేఠ్‌కు మీ పేరెట్ల ఎరుక?”

“పోయినేడు కీర్తన చేసే జత్థా ఒకటి మన దగ్గర పెట్టె బాగుచేయించుకొని పోయింది యాదికుందా? వాళ్లు నైరోబీ గురుద్వారాల వాయించిండ్రట. ఆ సేఠ్‌కు అక్కడ పెట్టెల దుకాణం. విన్నడు. ‘ఈ పెట్టెకు శ్రుతి చేసిన మనిషి నాకు కావాలె’ అన్నడట.”

“ఆ మనిషే కావాలె అన్నడా?”

“ఆ.”

“శ్రుతి చేసిన మనిషి?”

“అన్నడంటున్న గద. రెండు రెండుసార్లు ఏంది?”

“ఏం లేదు. తినుండ్రి. ఇదంత ఎవరు చెప్పిండ్రు?”

“విశ్వేశ్వర్‌రావు. బయటి దేశాలకు మనుషులను పంపుతడు గద, ఆయన. మెడల తుళసి మాల, ఏటేటా పండరికి నడిచిపోతడు. అబద్ధమాడే మనిషి గాడు. కాకపోతె ఫోన్ల గూడ కీర్తన చెప్పినట్టె మాట్లాడుతడు. సగం సమజైతది, సగం కాదు.”

“సగమే సమజైతె ఆ సగం మీదనే పోతరా? పొద్దుగాల ఫోన్ల షరతు, షరతు అంటుంటిరి. ఏం షరతు?”

“ఏ షరతు?”

“అహో.”

“అదా. అందరికి పెడతరు. పనికి ఒప్పుకున్న దినం నుంచి, పని ఇడిసిపెట్టినంక మూడేండ్ల దాంక, నేను పెట్టెల పని వేరే చెయ్యద్దు. అంతనే.”

“ఆ ఊర్లనా?”

“ఆ ఊర్లనే గాదు.”

“మరి?”

“ప్రపంచంల ఎక్కడా.”

“నాందేడ్‌ల గూడ?”

“నాందేడ్ ప్రపంచంల లేదా?”

“చేష్టలొద్దు. నాకు భయమైతుంది.”

“నేనేం చేష్టలు చేసిన? కూసున్నకాడ కూసున్న.”

“మా మరాఠీల చేష్టా అంటె మజాక్. ఇన్నేండ్లు నాతోని కాపురం చేసి గూడ నేర్చుకోకపోతిరి.”

“గిరాకితోని హిందీ, నీతోని తెలుగు. ఇంక మరాఠీ ఎప్పుడు పట్టుబడ్తది? బజారు మందం అస్తది, చాలు.”

“సరే. మూడేండ్లు పెట్టె ముట్టకుంటె, తిరిగొచ్చి ఏం చేస్తరు? మీకు వేరే పని రాదు. పోతె నుయ్యి, పోకుంటె గొయ్యి. గొయ్యి తెలిసిందే, దాంట్లనే ఉందాం. నుయ్యి ఎంత లోతుందో ఏమెరుక?”

“అంత లోతేం గాదు. పని సులువే. తోలు అతికించుడు, తిత్తి కట్టుడు, మెట్లు కూర్చుడు. శ్రుతికైతె మిషిన్ ఉంటదట. ముల్లు చూపెడ్తది. ముల్లు చూసుకుంట, స్వరం కుదిరేదాంక ఇత్తడి రీడు గీకాలె.”

“చూసుకుంట గీకాలెనా? వినొద్దా?”

“వినే పనే లేదట.”

“అందుకేనా?”

“ఏందందుకేనా?”

“ఏం లేదు.”

“నువ్వు ఏం లేదంటె చానా ఉంటది. సరే గని, గురుద్వారా గ్యానీజీ పెట్టె పొద్దుగాల చేసిన. విని చెప్పు. ఈ ‘స’ ఎట్లుంది?”

“బాగుంది.”

“ఈ ‘ప’?”

“బాగుంది.”

“పై ‘స’?”

“అదీ బాగుంది. మీరు చేసినంక బాగుండకేం?”

“కోమల్.”

“ఆ.”

“ఆఖరుది నొక్కినప్పుడు నేను తిత్తి ఊపలే.”

“ఆ?”

“గాలి లేంది పెట్టె మోగదు. మోగని స్వరాన్ని బాగుందన్నవ్.”

“నేను... డబ్బా సర్దుతుంటి. సరిగ వినలే.”

“నువ్వు వినకపోవుడా? అవతలి గల్లీల ఎవడన్న బేసురుగ పాడితె, కూర ఇడిసిపెట్టి తలకాయ కొట్టుకుంటవ్.”

“అన్నం ముందట ఇవన్ని ఎందుకు? తినుండ్రి ముందు.”

“నేను సామానుకు బజారు పోయినప్పుడల్ల పెట్టెలు విప్పుతున్నవ్. ఎన్నొద్దుల సంది?”

“ఎవరు చెప్పిండ్రు? పక్క దుకాణం యోగేశ్ చెప్పిండా?”

“మరలు చెప్పినయ్. మర బిగిస్తె తల మీది గాటు నిలువుగ నిలబెట్టాలెనని మా బాపు నేర్పిండు. నేను నిలువు పెట్టి పోత. తిరిగొచ్చి చూస్తె ఒకటి అటు, ఒకటి ఇటు ఒరిగి ఉంటయ్.”

“గాటు సంగతి నాకు చెప్పనే లేదు మీరు.”

“చెప్పకనే దొరికినవ్.”

“దొరికితె అప్పుడే అడగొద్దా?”

“అడిగితె నువ్వు చెప్తవ్. నువ్వు చెప్తె నా చెవులు శ్రుతికి పోయినయని ఖాయమైతది. అడగనన్ని దినాలు సర్దేమో, గుబిలేమో అనుకుంట ఉన్న.”

“మరి దవాఖానకు?”

“పోయిన. బిలోలిల పెండ్లని చెప్పి పోలేదా, ఆనాడే. డాక్టర్ చెవుల లైటేసి చూసిండు. ఏం పని చేస్తవన్నడు. చెప్పిన. ఇంకో పని చూసుకో అన్నడు.”

“పెండ్లి నుంచి లడ్డూలు తెచ్చిన్రు గద!”

“బస్టాండ్‌ల కొన్న.”

“అగ బాయీ! ఆ లడ్డూలు నేను గల్లీ అంత పంచిన.”

“ఏడ్వకు.”

“ఏడుస్తలేను.”

“వినవడకున్నా కనవడ్తది నాకు.”

“నైరోబీ పోయిన పెట్టె... అదీ ఎరుకేనా?”

“ఎరుకే. ఆ పెట్టె నువ్వే చేసినవ్.”

“పైన మూడు రీడ్లే ముట్టిన. మిగతాదంత మీదే.”

“సేఠ్ విన్నది ఆ మూడే ఉంటయి.”

“అట్లయితె ఇంక దాచుడెందుకు, పోవుడెందుకు? మీరు తోలు, కట్టె చూసుకోండ్రి. శ్రుతి నేను చూసుకుంట. ఇద్దరం ఈడనే ఉందాం.”

“నేనీడ ఉన్నన్ని దినాలు గిరాకి పెట్టె నా చేతులనే పెడ్తడు. వద్దంటె ఎందుకంటడు. నేను చెడగొడ్త, నువ్వు దొంగతనంగ బాగుచేస్తవ్. సగం పెట్టెలు నీ చేతికి దొరకకముందే తీస్కపోతున్నరు, తెల్లారి వాపస్ అస్తున్నయ్. గిరాకి ఎందుకు తగ్గిందనుకున్నవ్? నేను లేకుంటె నీ చేతికిస్తడు. బోర్డు మీద నీ పేరు రాపిస్త.”

“ఆడమనిషి చేతికి ఇస్తరా?”

“నైరోబీ సేఠ్ మెచ్చిన చెవి, గల్లీ మెచ్చదా? మెల్లగ ఇస్తరు. నన్ను గూడ చెవిటోడు అని ఎవడనడు. నైరోబీ పోయిండంటరు.”

“మరి షరతు?”

“షరతు నాకు. మూడేండ్లు గాదు, జనమంత ముట్టద్దన్నా నాకు పోయేదేంది? పోయింది గద ముందే. అందుకే ఆయన షరతు చెప్తుంటె నాకు సల్లగనిపించింది. ఇంతకన్న మంచి బహానా ఏడ దొరుకుతది? చేతకాక ఇడిసిపెట్టలే, షరతుంది కాబట్టి ముట్టుతలేనని చెప్పుకోవచ్చు.”

“అంత సోంచాయించిన్రా, ఒక్కలే కూసోని?”

“ఏం చెయ్యాలె మరి? ఇగో, ఈ పెట్టె పట్టు. ఇప్పుడు నా ముందట చెయ్యి. ఒక్కసారన్న చూడనీ, ఎట్ల చేస్తవో.”

“ఈ ‘ప’ దిగింది.”

“బాగుందంటివి.”

“చానా దిగింది. ఆ గీకేది ఇట్లియ్యుండ్రి.”

“మా బాపు పట్టుకున్నట్టె పట్టుకున్నవ్. నేనెప్పుడు నేర్పలే గద.”

“చూసి నేర్చుకున్న. అహో, ఒక్క మాట. ఆ కాయిదాలు చదివిన్రా?”

“అంత ఇంగ్లీషే. ఎవరు చదువుతరు? ఆయన నోటితోని చెప్పిండు.”

“వెంకట్రావ్ కాకకు చూపిద్దాం. రైల్వేల పెద్ద క్లార్కు చేసిన మనిషి, అక్షరమక్షరం చదివి తెలుగుల చెప్తడు. ఆయన బరోబర్ ఉందంటెనే సంతకం. ఏమంటరు?”

“ఇంకో రొట్టె ఉందా?”

“మళ్ల రొట్టె!”

“సగమన్నా?”

“సంతకం పెట్టిన్రా?”

“ఇప్పుడు సంతకాలు ఏడున్నయ్? ఫోన్‌ల నంబరస్తది. అది చెప్పాలె, అంతనే.”

“చెప్పిన్రా?”

“పొద్దుగాల చెప్పిన.”

“నన్ను అడగకుంట.”

“అడిగితె ఆపుతవ్. నువ్వు ఆపితె నేను ఆగిపోత. నాకెరుక.”

“తప్పితె ఏమైతది?”

“దండుగ. దుకాణంల సామానంత అమ్మినా తీరదట. పాస్‌పోర్టు గూడ విశ్వేశ్వర్‌రావు దగ్గరనే ఉంది. తప్పుడెందుకు? నేను పెట్టె ముట్ట. నువ్వు దర్జాగ నడుపు.”

“నా పేరు ఏడ లేదు గద ఆ కాయిదాలల్ల?”

“నీ పేరెందుకుంటది? నీకు పని అస్తదని ఆయనకేం తెలుసు?”

“ఆయన ఏమన్నడో అట్లనే చెప్పుండ్రి. తెలుగు చెయ్యకుండ్రి. మరాఠీల అన్నది మరాఠీలనే.”

“అన్ని యాదికుంటయా?”

“ఉన్నదే చెప్పుండ్రి.”

“ఉన్నంతల మంచిగున్న చెవికే ఫోన్ పెట్టి విన్న. అసలు మాట మాత్రం సాఫ్ వినవడ్డది. రెండుసార్లు అన్నడు. ‘తుమ్హాలా బంధన్, తుమ్చ్యా ప్రపంచాలా బంధన్.’ నీకు బందు, ప్రపంచమంత బందు అని. నేను నవ్వి, నా ప్రపంచం ఎప్పుడో బందయింది మహారాజ్ అన్న. ఆయన ‘పాండురంగా’ అన్నడు. పాపం అనుకున్నడేమో.”

“ఆ మాటే అన్నడా? ప్రపంచాలా అని?”

“అంటున్న గద, సాఫ్ విన్న. అన్ని తప్పు వింటనా ఏంది? అరే, రీడు ఎందుకు కింద పెట్టినవ్? దాపరికం అయిపాయె గద, చెయ్యి. కోమల్, గీకు.”

“నేను గూడ గీకొద్దు.”

“ఎందుకు?”

“అహో, మా మరాఠీల ప్రపంచ్ అంటె దునియా గాదు. ఇల్లు, ఆలుపిల్లలు. ఆయన బందు చేసిన ప్రపంచ్ నేనే.”