ఆకుల కుప్ప కింద కప్ప

లాండ్రీ పెరట్లో చలికి గొట్టంలో నీళ్లు గడ్డకట్టి బాయిలర్ ఆగిపోయింది. ఆసుపత్రి దుప్పట్లు రెండొందలు సాయంత్రానికి ఉతికి ఇవ్వాలి. గొట్టం కింద మంట వేద్దామని లాండ్రీ ఆవిడ మూలనున్న ఎండాకుల కుప్పని చీపురుతో లాగింది. అందులోంచి ఓ కప్ప దొర్లి, గచ్చు మీద రాయిలా టక్కుమంది.

“చచ్చింది. దాన్నీ మంటలో వేసెయ్,” అంది లాండ్రీలో ఇస్త్రీ చేసే అత్త.

“ఆగండాగండి,” అన్నాడు గొట్టం బాగుచెయ్యడానికి వచ్చిన బావ. ఆవిడ అక్క మొగుడు. పానా పట్టుకుంటే చాలు, కబురు మొదలు. “అది చావలేదు, బిగుసుకుంది. చలి తగ్గితే కరిగి లేస్తుంది. ఇలాంటిదాన్నే జేబులో వేసుకెళ్తే ఓ పెళ్లి భోజనాల్లో లేచి బెకబెకమంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కప్పదేముంది, పెద్ద మంచు పడిన ఏడు దారి తప్పి ఎలుగుబంటి గుహలో దూరాను, అది నిద్రలోనే జరిగి చోటిచ్చింది, చెయ్యి తలగడగా పెట్టింది, ఇద్దరం మూడు నెలలు పడుకున్నాం.”

“మరి తిండి?” అన్నాడు దుప్పట్ల కోసం వచ్చిన వ్యాను డ్రైవరు.

“తిండా? ఒంట్లో కొవ్వుంటే తిండెందుకు? గుండె గంటకోసారి కొట్టుకునేది. ఎలుగు గురకకి గుమ్మంలో మంచు వెనక్కి పోయేది. చలి తగ్గాక అదే నన్ను తట్టి లేపింది.”

“బావా,” అంది ఆవిడ, “ఆ ఏడు నువ్వు కాలు విరిగి మూడు నెలలూ మా ముందుగదిలో ఉన్నావు. పూటపూటా కంచం నింపింది నేను. గురక మాత్రం నిజం.”

అందరూ పగలబడి నవ్వారు. ఎలుగు అబద్ధమైతే కప్పా అబద్ధమేనంటూ అత్త దాన్ని మంటలో వెయ్యడానికి చేటలోకి ఎత్తింది.

బావ నవ్వలేదు. “కప్ప మాట నిజం మరదలా,” అన్నాడు. అంతే. దానికి తోక తగిలించలేదు. తోక లేని మాట ఆయన నోట ఆవిడ వినడం అదే మొదలు.

ఆవిడ చేటలోంచి కప్పని తీసుకెళ్లి మళ్లీ ఆకుల్లో పెట్టి కప్పింది. మంట మానేసి, గొట్టానికి గోనెసంచులు చుట్టి వేణ్ణీళ్లు పొయ్యమంది. కెటిళ్లన్నీ బావే మోశాడు, నోరెత్తకుండా. దుప్పట్లు ఆసుపత్రికి చీకటిపడ్డాక చేరాయి, అక్కడివాళ్ల చేత ఆవిడ మాట పడింది.

చలి పోయాక చూస్తే కుప్ప కింద కప్ప లేదు. లేచిపోయిందో, పిల్లి పట్టుకుపోయిందో ఎవరికీ తెలీదు. బావని మాత్రం ఆవిడ అడగలేదు. ఆ ఏడే కాదు, ఆ తర్వాత ఏ చలికాలమూ ఆ పెరట్లో ఆకులు కాల్చనివ్వలేదు.