చందన ఎవరు?

దేవరకొండలో కుట్టుమిషన్ తొక్కుతున్న మరదలి ముందు, చనిపోయిన ఆమె భర్తకు అన్నయిన బావ వారపత్రిక పరిచాడు.

“గీ కథ రాసిన చందన ఎవరు?”

“నాకేమెరుక బావా? కలం పేరేమో.”

“తమ్ముడు సచ్చిపోతే, వాని పెండ్లాం భూమి గుంజుకున్న అన్న కథ గిది. నువ్వే రాసినవని నా అనుమానం.”

“గసొంటోళ్లు ఊరికొకరు ఉన్నరు.”

“పేరు దాచుకుంటే తప్పించుకోవు. పరువునష్టం కేసేస్తే కోర్టే పత్రికోళ్లతోని అసలు పేరు చెప్పిస్తదట. వకీలును అడిగే వచ్చిన.”

ఆమె మిషన్ ఆపలేదు.

“వెయ్యుండ్రి బావా. గని గా కథల అన్న మీరేనని ముందుగాల మీరే కోర్టుల చెప్పాలె గదా?”

బావ పత్రిక చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే చందన రెండో కథ మొదలుపెట్టింది.