ఎజ్రా గారి అల్లం సోడా

తెనాలి స్టేషను ఎదురుగా పుల్లమ్మ టీ కొట్లోకి కొత్త ఫ్రిజ్జు దిగిన సాయంత్రం యోబు మాస్టారు కూర్చున్న బల్ల వదల్లేదు. పై అరలు పాలకీ పెరుగుకీ పోగా కింది అర ఒక్కటి ఖాళీగా ఉంది. రేపు పొద్దున్న కూల్‌డ్రింకుల కంపెనీ మనిషి వచ్చి దాన్ని నింపేస్తాడు. ఈలోగా పుల్లమ్మని ఎలాగైనా ఒప్పించాలి.

ఎందుకంటే, రేపల్లెలో ఎజ్రా అని ఒకాయన ఉన్నాడు. అల్లం, తాటిబెల్లం, నిమ్మరసం కలిపి జాడీల్లో పులియబెట్టి సోడా చేస్తాడు. గ్యాసు సిలిండరు ముట్టుకోడు, పొంగు దానంతట అదే రావాలంటాడు. తెనాల్లో ఒక్క కొట్టువాళ్ళయినా తీసుకోకపోతే ఇక కట్టిపెట్టేస్తానని మొన్ననే మాస్టారితో అన్నాడు. మాస్టారు కూడా ఇంట్లో సోడా చేస్తారు లెండి, బీఎస్సీ చదివిన రోజుల్లో పట్టుకున్న పిచ్చి అది. సీసాలు పేలి, ఆయన భార్య సామ్రాజ్యం గారు జాడీలన్నిటినీ డాబా మీదికి తరిమేసిన సంగతి వీధంతా ఎరిగిందే, అది వేరే కథ. అంచేత ఎజ్రా చేతిలో ఏముందో ఆయనకి తెలిసినంత ఇంకొకరికి తెలీదు.

మాస్టారు నెమ్మదిగానే మొదలుపెట్టారు. "పోయిన ఏడాది మే నెల. ఎజ్రా ఇచ్చిన సీసా సంచిలో వేసుకుని రేపల్లెలో పాసింజరు ఎక్కానా, పల్లికోన వచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. ఒక్క గుక్క తాగాను. అంతే, తెనాలి దాకా దాహమన్న మాట లేదు."

"ఎంత దూరమని బాబాయ్, ఉండదులే," అన్నాడు ఆటో లోకేష్.

ఆ మాట మాస్టారికి కాస్త గట్టిగానే తగిలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా అంటూ, కథలో సీసాని రైల్లో పక్కనున్న ముసలావిడ చేతికిచ్చారు. అక్కణ్ణించి అది పెట్టెంతా తిరిగింది. అందరూ గొంతులో పోసుకున్నా సగానికి దిగలేదు. భట్టిప్రోలులో గార్డు తాగాడు, వేమూరులో డ్రైవరు దిగొచ్చి మరీ తాగాడు. ప్లాట్‌ఫారం మీద మజ్జిగ అమ్మేవాళ్ళు గ్లాసులు బోర్లించి దిగాలుగా కూర్చున్నారు. కొట్లో టీ తాగేవాళ్ళు నవ్వుతున్నారు గానీ పుల్లమ్మ మాత్రం టీ వడకడుతూనే ఉంది. ఇది చాల్లేదనుకుని మాస్టారు కథని బాపట్ల దాకా లాక్కెళ్ళారు.

"మర్నాడు మిగిలింది పట్టుకెళ్ళి మా తోడల్లుడికి చెంచాడు పోశాను. చెంచాడంటే చెంచాడే. ఆయన సూర్యలంక ఇసకలో మిట్టమధ్యాహ్నం నిద్రపోయి లేచి కూడా మంచినీళ్ళు అడగలేదు. ఆ రోజే కాదు, ఇవాళ్టి వరకూ అడగలేదు. వాళ్ళింట్లో బిందెలో పిచ్చుకలు గూడు కట్టుకున్నాయి. డాక్టరు వచ్చి చూసి, ఈయనకి ఇక ఈ జన్మలో దాహం వెయ్యదని తేల్చేశాడు."

పుల్లమ్మ వడపోత గిన్నె కింద పెట్టింది.

"అయితే నాకొద్దు మాస్టారూ."

"అదేంటమ్మా?"

"చెంచాడికే జన్మంతా దాహం తీరిపోతే రెండో సీసా ఎవరికమ్మను? నా టీ ఎవరు తాగుతారు? కంపెనీ సరుకే నయం, తాగినోళ్ళు గంటకల్లా మళ్ళీ వస్తారు."

మాస్టారు లోకేష్ వైపు చూశారు. లోకేష్ తన ఆటో వైపు చూశాడు. ఫ్రిజ్జు తలుపు తీసే ఉంది, ఖాళీ అర మీద లైటు వెలుగుతోంది.

"తోడల్లుడు నిద్రలేవగానే చెంబెడు నీళ్ళు తాగాడమ్మా," అన్నారు చివరికి.

"మరి డ్రైవరూ, గార్డూ?"

"వాళ్ళకివ్వలేదు."

"పెట్టెలో జనానికి?"

"ఎవరికీ ఇవ్వలేదు. మొత్తం నేనే తాగాను. వేమూరు రాకముందే అయిపోయింది."

"మీకైనా దాహం తీరిందా?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "తెనాల్లో దిగి, మళ్ళీ అదే బండెక్కి రేపల్లె వెళ్ళిపోయానమ్మా, ఇంకోటి తాగుదామని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పుల్లమ్మ తడిగుడ్డ తీసుకుని కింది అర తుడవడం మొదలుపెట్టింది.

"ఈ మాటేదో ముందే చెప్పొచ్చుగా," అంది. "ఫోన్ చెయ్యండి ఎజ్రా గారికి."