అద్దాల్లో తేలే చెయ్యి

కూర్మన్నపాలెం జంక్షన్లో గంగాభవాని టీ బడ్డీ ముందు బెంచీ మీద కూర్చుంటూనే జ్ఞానదాసు చొక్కా చేతిని మణికట్టు దాకా లాక్కున్నాడు. దాని కింద ఆసుపత్రివాళ్లు కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఉంది. పదకొండు గంటలకి ఎలమంచిలిలో అతనికి హెర్నియా ఆపరేషను. తెల్లారగానే బస్సెక్కి పారిపోయి వచ్చేశాడు. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియకూడదు.

"ఇంత పొద్దున్నే ఎక్కడ్నించి బావా?" అన్నాడు ఇద్రీస్. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు మీద జ్ఞానదాసు పైన క్రేను నడిపిన ముప్పై ఏళ్లూ, కింద నిలబడి చేత్తో సైగలు చేసినవాడు అతనే.

"ఆసుపత్రి కాడ్నించి. తెలిసినోడొకడికి ఆపరేషనంటే సూసొద్దారని ఎల్లాను. అక్కడ ఫ్లోరా అని డాట్రు గుంట, కోత కొత్తగా నేర్సుకుంటంది. విశాపట్నంలో కూకున్న పెద్ద డాట్రు ఆ గుంట కళ్లద్దాల్లో గీతలు గీత్తాడంట, ఈయమ్మ ఆ గీతల ఎంబడే కోత్తాదంట! పేదోడి పొట్టంటే ఏటి, పలకా? డబ్బున్నోడికైతే పెద్ద డాట్రు సొయంగా రాడేటి? నాకు ఒళ్లు మండిపోయింది. ఇలా తే అని అద్దాలు లాక్కుని నానే ఎట్టుకున్నాను."

"ఇచ్చీసిందేటి?" గంగాభవాని అతని ముందు టీ గ్లాసు పెట్టింది.

"ఇవ్వకేటి సేత్తాది! ఎట్టుకోగానే సొక్కాలోంచి, తోల్లోంచి పేగులు కనబడిపోనాయి. గాల్లో పెద్ద డాట్రు సెయ్యి తేల్తంది. గీత బెత్తెడు పక్కకి గీసీసాడు! ఏటి బాబూ, కళ్లెక్కడెట్టావని దులిపీసాను. ఆ తరవాత ఏటయ్యిందో తెలుసా? కరెంటు పోయింది! కత్తి నానే అందుకున్నాను. జారిన పేగు పట్టుకు లాగితే వత్తంది, వత్తంది, వార్డు దాటింది, గేటు దాటింది, స్టేషన్లో పట్టాల మీద పడింది. హౌరా బండి ఆపించీసాను! పేగుని మోకులాగ సుట్ట సుట్టి లోపలెట్టి కుట్టీసాను. రోగి లేసి అదే బండెక్కి ఎల్లిపోనాడు. పెద్ద డాట్రయితే అద్దాల్లోంచే నా కాళ్లట్టుకుని, నాకూ నేర్పు బాబూ అని ఒకటే ఏడుపు!"

బెంచీ మీదున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. ఇద్రీస్ నవ్వలేదు. జ్ఞానదాసు ముట్టని గ్లాసుకేసి, మాటిమాటికీ కిందకి లాక్కుంటున్న చొక్కా చేతికేసి చూస్తున్నాడు. టీ మీద మీగడ కట్టేసింది.

"టీ తాగు బావా."

"తాగుతాన్లే."

"తాగవు. పొట్ట ఖాళీగా ఉంచమన్నారు కదా. పారిపోయొచ్చీసినోడికి ఇంకా ఉపాసమెందుకు?" అంటూ ఇద్రీస్ అతని చొక్కా చెయ్యి పైకి లాగాడు. పట్టీ బయటపడింది. నవ్వులు ఆగిపోయాయి.

"మరేటి సెయ్యమంటావ్? నా పొట్ట మీద నేర్సుకుంటాదంట! తప్పు సేత్తే?"

"నువ్వు క్రేనెక్కిన మొదటిరోజు కొక్కేనికి మరుగుతున్న ఉక్కు బాన ఏలాడతంది. పైనున్న నీకు కింద ఏటీ కనబడ్నేదు. నా సెయ్యి సూసే దించావు. ఆ ఉక్కు పక్కనే నిలబడ్డాను బావా. నాను పారిపోయానేటి?"

జ్ఞానదాసు పట్టీకేసి చూసుకున్నాడు. ఇద్రీస్ లేచి నిలబడ్డాడు.

"పెద్ద డాట్రు రావాలని దెబ్బలాడదాం. దెబ్బలాడ్డానికి ముందు నువ్వుండాలి కదా. ఎనిమిదే అయ్యింది, లే."

గంగాభవాని టీ పారబోసింది. ఎలమంచిలి బస్సు వచ్చి ఆగింది. మెట్టెక్కి, పొట్ట పట్టుకుని, జ్ఞానదాసు కిందకి చూశాడు. ఇద్రీస్ అరచెయ్యి నేలకేసి తిప్పి మెల్లగా ఊపాడు, ప్లాంటులో 'నెమ్మదిగా దించు' అని ఊపినట్టే. తర్వాత తనూ ఎక్కి పక్కన కూర్చున్నాడు.

"ఆ అద్దాల్లోకి మొహం ఎట్టి పెద్ద డాట్రుని నాలుగు తిట్టాకే పడుకుంటాను."

"తిట్టు బావా. నాను పక్కనే ఉంటాను."