బటన్ నొక్కితే ఊగే గుండు

(2007. హిందూపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. ధర్మవరం బస్సు దిగిన ఫిజిక్స్ లెక్చరర్ నాజ్నీన్ నేరుగా ప్రిన్సిపాల్ చంద్రమోహన్ గదిలోకి వచ్చింది.)

“కూర్చోమ్మా నాజ్నీన్, ముందు మంచినీళ్ళు తాగు.”

“వద్దు సార్. వాంతికొచ్చేట్టు ఉండాది.”

“బస్సు పడలేదేమో. పెనుకొండ దాటినాక ఆ రోడ్డు...”

“రోడ్డు కాదు సార్. ధర్మవరం బ్రాంచిలో మన ల్యాబ్ చూసొచ్చినా.”

“నిన్నెవరు పొమ్మన్నారు?”

“ఎవరూ పొమ్మనలేదు. ఈడ పిల్లోళ్ళు కంప్యూటర్లో బటన్ నొక్కితే ఆడ ధర్మవరంలో నిజం లోలకం ఊగుతాదని చెప్తిమి కదా. ఆ లోలకం యాడ సార్?”

“ఆన్నే ఉంటాది.”

“లేదు. తలుపు తీస్తే హాస్టల్ బియ్యం మూటలు. ఎలుకల కంపు. లోలకం లేదు, కెమెరా లేదు. అదే టయానికి ఈడ మన క్లాసులో మాత్రం గుండు బ్రహ్మాండంగా ఊగిందంట!”

“ఊగింది కదా. మరింకేం?”

“అది బొమ్మ సార్! కంప్యూటర్ గీసిన ఉత్త బొమ్మ!”

“మెల్లగా, మెల్లగా. మొదట్లో నిజంది పెట్టలేదా మనం? పెట్టినాం. గురుత్వం లెక్క కడితే ఒకనికి తొమ్మిదిన్నర, ఇంకొకనికి పది. కరెంటు పోతే అదీ లేదు. బొమ్మకైతే అందరికీ తొమ్మిది పాయింట్ ఎనిమిదే. మార్కులకు మార్కులు.”

“బొమ్మని చెప్పి చూపిస్తే నాకేం బాధ లేదు సార్. బొమ్మతో గూడా పాఠం చెప్పొచ్చు. నిజమని చూపిస్తిమే! నా నోటితోనే చెప్పిస్తిరే! థూ!”

“పిల్లోళ్ళకేం తెలుస్తాదమ్మా?”

“తెలిసింది. నీలావతికి తెలిసింది.”

“ఎవరు, ఆ ముదిగుబ్బ పిల్లా?”

“ఆ పిల్లే. ‘ఎన్నిసార్లు ఊపినా ఒకటే లెక్క వస్తాంది, నిజమైంది ఇంత బుద్ధిగా ఉంటాదా మేడం?’ అనింది. అందుకే పోయి చూసొచ్చినా.”

“ఆఫీసులోకొచ్చి నన్నూ అడిగిందిలే. అందరి ముందర. ఎవరు నేర్పించినారో ఏమో.”

“ఎవరు నేర్పించల్ల సార్? అట్లా అడిగేదే కదా ఫిజిక్సు! పిలిపించండి. పిల్లోళ్ళందరికీ ఆ పిల్లతోనే చెప్పిస్తా.”

“యాడినుంచి పిలిపించేది?”

“క్లాసులోనుంచి!”

“క్లాసులో లేదు. పొద్దున్నే వాళ్ళ నాయనను పిలిపించి టీసీ చేతికిచ్చేసినామమ్మా. పిల్లకు ప్రయోగాల మీద శ్రద్ధ లేదని చెప్పినాం.”